పెరటి చెట్టు పండుకు పనికొస్తుంది!

తుళ్లూరు పేరు చెబితే ఒకప్పుడు గుర్తొచ్చేవి రెండే. పత్తి, మిరప. వానాకాలంలో కాలు పెడితే ఊడిరాని నల్లరేగడి, ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు... ఆ నేలతోనే తరాలు గడిచాయి. 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగింది. తుళ్లూరు చుట్టుపక్కల 29 గ్రామాల్లో 28 వేల మందికి పైగా రైతులు 33 వేల ఎకరాలకు పైగా పొలం ఇచ్చారు. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పదేళ్లపాటు ఏటా కౌలు... అదీ ఒప్పందం. ఆ తర్వాత 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. దీక్షా శిబిరాలు వెలిశాయి. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చింది. 2025 మే 2న రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాయి.

ఇన్ని మారినా మారనిది ఒకటుంది. ఇంటి వెనక పెరడు! పొలాలు వెళ్లినా ఊరి ఇళ్లు అలాగే ఉన్నాయి. వాటి వెనక రెండు సెంట్లో మూడు సెంట్లో నేల ఉంది. పొద్దున్నే లేచి చేనుకు వెళ్లే అలవాటున్న మనిషికి ఇప్పుడు చేతినిండా మట్టి దొరికేది అక్కడే.

‘ఏంది బాబాయ్, పత్తి మానేసి పెరటి సేద్యంలోకి దిగావే?’

‘ఏం చేయమంటావురా అబ్బాయ్. పొద్దున లేస్తే కాళ్లు చేను వైపే లాగుతన్నయ్.’

ఈ ఊళ్లలో ఇలాంటి పలకరింపు ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. పెరటి సేద్యం అనగానే బెండ, వంగ, కరివేపాకు, జామ వేసేస్తారు. అవన్నీ ఉండాల్సినవే. వాటి పక్కన ఇంకొక్క చెట్టుకు చోటిస్తే అది మూడో ఏటికల్లా ఇంటిల్లిపాదినీ తన చుట్టూ తిప్పుకుంటుంది. అదే అంజూర.

మేడికి చుట్టం

అంజూర అంటే ఎడారి దేశాల చెట్టు, మనకెక్కడ కాస్తుందిలే అనుకుంటారు చాలామంది. కానీ దీని బంధువర్గమంతా మన ఊళ్లోనే ఉంది. మర్రి, రావి, జువ్వి, మేడి... ఇవన్నీ అంజూరకు అన్నదమ్ములే. పనస, మల్బరీ కాస్త దూరపు చుట్టాలు. తుళ్లూరుకు దగ్గర్లోనే ఉన్న అమరావతి స్తూపం శిల్పాల్లో బోధివృక్షాన్ని కొలిచే దృశ్యాలు కనిపిస్తాయి. ఆ బోధివృక్షం రావి. దత్తాత్రేయుడి ఔదుంబరం మేడి. తెలుగు బైబిల్లో కనిపించే అంజూరపు చెట్టు మాత్రం అసలు అంజూరే. ఖురాన్‌లో ఒక సూరాకు దీని పేరే పెట్టారు. అంటే గుడికి, మసీదుకు, చర్చికి వెళ్లే ముగ్గురికీ తెలిసిన కుటుంబం ఇది.

మనిషికి దీంతో పరిచయం ఈనాటిది కాదు. జోర్డాన్ లోయలో జెరికో దగ్గర దొరికిన ఎండు అంజూరల వయసు 11 వేల ఏళ్లకు పైనేనని 2006లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అవి గింజకట్టని రకం. అలాంటి రకం నిలవాలంటే ఎవరో కొమ్మ విరిచి నాటాల్సిందే. కాబట్టి గోధుమ, బార్లీ సాగుకంటే ముందే మనిషి అంజూర కొమ్మ నాటి ఉంటాడని వాళ్ల వాదన.

పురుగు సంగతేంటి?

మేడిపండు అనగానే వేమన గుర్తొస్తాడు. పొట్ట విప్పితే పురుగులే కదా, అంజూర కూడా అంతేనా? శాకాహారులు తినొచ్చా? ఈ సందేహం చాలామందికి ఉంటుంది.

ఈ కుటుంబంలో పువ్వు బయటికి కనిపించదు. మనం కాయ అనుకునేది నిజానికి పూలగుత్తి. వందలకొద్దీ చిన్న పూలు లోపలివైపు తిరిగి పూస్తాయి. కింద ఉన్న చిన్న కంతలోంచి కందిరీగ జాతికి చెందిన ఒక బుల్లి పురుగు లోపలికెళ్లి పరాగసంపర్కం చేస్తుంది. మేడిలో కనిపించేవి ఆ పురుగులే. అవి చెట్టుకు పట్టిన తెగులు కాదు, చెట్టు పిలుచుకున్న అతిథులు.

ఇళ్లలో పెంచే అంజూర రకాలకు ఈ అతిథి అక్కర్లేదు. పరాగసంపర్కం లేకుండానే కాయ పండుతుంది. పండు కొరికితే కరకరలాడే గింజలు కూడా లోపల పప్పులేని తొక్కలే. కాబట్టి పెరట్లో పండిన అంజూరలో ఆ పురుగు భయం లేదు. అయితే స్మిర్నా తరహా రకాలు వేరు. వాటికి పురుగు రావాల్సిందే. అమెరికాలోని కాలిఫోర్నియాలో పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ రకం తోటలు వేశారు. చెట్లు ఏపుగా పెరిగేవి, కాయలు మాత్రం పండకుండానే రాలిపోయేవి. కారణం తెలుసుకుని పురుగును తెచ్చి అక్కడ స్థిరపరిచింది 1899లో. అప్పుడుగానీ పంట చేతికి రాలేదు.

ఈ కథ మనకెందుకంటే... అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో సెలవులకు వస్తూ ‘అక్కడి అంజూర భలే ఉంటుంది నాన్నా’ అని పెట్టెలో కొమ్మ పెట్టుకొస్తామంటారు. వద్దని చెప్పండి. ఒకటి, ఆ రకం ఇక్కడ కాయ నిలుపుతుందో లేదో తెలియదు. రెండోది ముఖ్యం. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి పత్రం, ఆరోగ్య ధ్రువీకరణ లేకుండా విదేశీ మొక్కలు, కొమ్మలు తేకూడదు. దాంతోపాటు వచ్చే పురుగో తెగులో పక్కవాడి చేనును ముంచుతుంది. ఎక్కడినుంచో వచ్చిన పురుగు పంటను ఏం చేస్తుందో పత్తి, మిరప పండించినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఏ రకం తేవాలి?

మన దేశంలో అంజూరకు పేరున్న చోటు మహారాష్ట్రలోని పుణె జిల్లా పురందర్ ప్రాంతం. పురందర్ అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అక్కడ ఎక్కువగా పెంచే పూనా అంజూర మన పెరళ్లకూ సరిపోతుంది. పండు మధ్యస్థంగా, తొక్క పలుచగా ఉంటుంది. బ్రౌన్ టర్కీ కుండీల్లో పెంచడానికి అనువైంది. చెట్టు పొట్టిగా ఉంటుంది, తొందరగా కాపుకొస్తుంది. కాస్త పెద్ద పండు కావాలంటే డయానా. కర్ణాటకలో బళ్లారి వైపు కూడా తోటలున్నాయి. మొక్కల కోసం అంత దూరం వెళ్లాల్సిన పనిలేదు. కడియం నర్సరీల్లో అడిగితే దొరుకుతాయి.

కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. విత్తనం నుంచి పెంచిన మొక్క వద్దు. అది ఏ గుణంతో వస్తుందో, కాస్తుందో కాయదో చెప్పలేం. కొమ్మ నుంచో అంటు నుంచో పెంచిన మొక్కే కావాలి. రెండోది, సంచి అడుగు నుంచి వేళ్లు ఒకసారి చూడండి. వేళ్లమీద చిన్న చిన్న బొడిపెలుంటే నులిపురుగులు ఉన్నట్టే. ఆ మొక్కను ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

రూపాయి ఖర్చు లేని దారి కూడా ఉంది. తెలిసినవాళ్లింట్లో మంచి చెట్టుంటే నిరుటి కొమ్మల్లోంచి పెన్సిలంత లావున్నవి చూసి జానెడు ముక్కలు కోయండి. ఒక్కోదానికి మూడు నాలుగు కణుపులుండాలి. కోసినచోట పాలు కారుతాయి. నీడలో ఆరనిచ్చి, ఇసుక, చివికిన ఎరువు కలిపిన సంచుల్లో సగానికి పైగా లోపలికి పోయేలా గుచ్చండి. తడి ఉండాలి, నీళ్లు నిలవకూడదు. నెలా నెలన్నరలో వేళ్లు పడతాయి. చిగురు కనిపించిందని వెంటనే లాగి చూసేవాళ్లుంటారు. చిగురు ముందొస్తుంది, వేరు తర్వాత. ఓపిక పట్టాలి.

నల్లరేగడితో చిక్కు

అసలు పరీక్ష ఇక్కడే ఉంది. అంజూర ఎండకు ఓర్చుకుంటుంది. సున్నం పాలెక్కువున్న నేలను, కాస్త ఉప్పునీటిని కూడా తట్టుకుంటుంది. తట్టుకోలేనిది ఒక్కటే... వేళ్ల దగ్గర నిలిచిన నీరు. నల్లరేగడిలో వాన పడితే నీరు కిందికి ఇంకదు. పత్తిచేలో నీళ్లు నిలిస్తే మొక్క వాడిపోవడం చూసే ఉంటారు. అంజూరకూ అంతే. మూడు నాలుగు రోజులు వేళ్లు నీళ్లలో నానితే ఆకులు పసుపెక్కి రాలతాయి. అదే మళ్లీ మళ్లీ జరిగితే వేరు కుళ్లి చెట్టే పోతుంది.

అందుకే ఇక్కడ గుంట తీసి నాటడం కంటే మెరక చేసి నాటడం మేలు. రెండడుగుల గుంట తీయండి. తీసిన నల్లమట్టిలో సగం పక్కన పెట్టేయండి. మిగతా సగానికి అంతే ఎర్రమట్టి, ఇసుక, రెండు గంపల చివికిన పశువుల ఎరువు, రెండు కిలోల వేపపిండి కలపండి. గుంట నింపాక పైన అడుగు, అడుగున్నర ఎత్తున దిబ్బలా పోసి దానిమీద మొక్క నాటండి. చూరునీళ్లు, బట్టలుతికిన నీళ్లు అటు రాకుండా చిన్న కాలువ తీయండి.

చోటు విషయంలో ఇంకో జాగ్రత్త. అంజూర వేళ్లు నీటిని వెతుక్కుంటూ చాలా దూరం పోతాయి. సెప్టిక్ ట్యాంకుకు, నీళ్ల సంపుకు, పునాదికి కనీసం పదడుగుల దూరంలో ఉండాలి. రోజుకు ఆరేడు గంటలైనా ఎండ పడాలి. మామిడిచెట్టు నీడలో నాటితే ఆకులు తప్ప కాయలుండవు. పక్కనే వంగ, టమాటా, బెండ వేయకండి. నులిపురుగులకు అవంటే ప్రాణం. అక్కణ్నుంచి అంజూర వేళ్లకు చేరతాయి. వాటి బదులు చుట్టూ బంతి వేస్తే పురుగు తగ్గుతుంది, పండక్కి పూలూ ఉంటాయి.

డ్రమ్ము ఉంటే చాలు

ఇప్పుడు తుళ్లూరులో అందరికీ సొంత పెరడు లేదు. పనుల కోసం వచ్చి అద్దెకుంటున్నవాళ్లున్నారు. ప్లాటు చేతికొచ్చి ఇల్లు కట్టుకునే దాకా మరోచోట సర్దుకున్నవాళ్లున్నారు. చెట్టు నాటితే అది పండే వేళకు మనం ఎక్కడుంటామో అని వెనకాడేవాళ్లకు అంజూర ఒక వెసులుబాటు ఇస్తుంది. ఇది డ్రమ్ములో పెరుగుతుంది!

రెండొందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును అడ్డంగా సగానికి కోస్తే రెండు చెట్లకు ఇళ్లు సిద్ధం. పురుగుమందులు, రసాయనాలు నిల్వ చేసిన డ్రమ్ములు మాత్రం ఎంత కడిగినా వాడొద్దు. అడుగున, అడుగుకు రెండంగుళాల పైన చుట్టూ బొటనవేలంత కంతలు పెట్టండి. అడుగున పెంకులు, వాటిపైన ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, ఎరువు ఒక పాలు. నల్లమట్టి డ్రమ్ములో అసలు వద్దు. ఎండితే రాయి, తడిస్తే ముద్ద. డ్రమ్మును ఇటుకలమీద నిలబెడితే నీరు సాఫీగా దిగుతుంది.

వేళ్లు పరుచుకోవడానికి చోటు తక్కువైతే అంజూర కొమ్మలు పెంచడం తగ్గించి కాయలమీద మనసు పెడుతుంది. నేలలో నాటినదానికంటే డ్రమ్ములోది ముందే కాయొచ్చు. రెండు మూడేళ్లకోసారి వానలు వెళ్లాక చెట్టును బయటికి తీసి, చుట్టుకుపోయిన వేళ్లను మూడోవంతు కత్తిరించి, కొత్త మట్టితో మళ్లీ పెట్టాలి. ఇల్లు మారాల్సి వస్తే ఇద్దరు మనుషులు, ఒక ట్రాలీ ఆటో చాలు. చెట్టు కూడా సామానుతోపాటే వస్తుంది.

యూరియా మర్చిపోండి

మిరప పండించినవాళ్లకు ఒక అలవాటుంటుంది. మొక్క కాస్త నీరసంగా కనిపిస్తే చాలు, గుప్పెడు యూరియా. అంజూర దగ్గర ఆ అలవాటు పనికిరాదు. నత్రజని ఎక్కువైతే ఆకులు విసనకర్రల్లా పెరుగుతాయి. కాయలు మాత్రం కనిపించవు. కనిపించినవి పచ్చిగానే రాలతాయి. ఏడాదికి రెండుసార్లు, కొమ్మలు కత్తిరించాక ఒకసారి, తొలకరికి ఒకసారి గంపెడు పశువుల ఎరువు, కిలో వేపపిండి వేస్తే చాలు. డ్రమ్ములోదానికి నెలకోసారి రెండు గుప్పిళ్ల వానపాముల ఎరువు.

నీళ్లు కూడా లెక్కగా ఉండాలి. నేలలో ఉన్నదానికి చలికాలంలో పది రోజులకోసారి, ఎండల్లో నాలుగైదు రోజులకోసారి. డ్రమ్ములోదానికి వేసవిలో రోజూ. వేలు రెండంగుళాలు మట్టిలోకి పెట్టి చూసి తడి లేకపోతేనే పోయండి. కాయ పండే సమయంలో వారం ఎండబెట్టి ఒక్కసారిగా పాదు నింపితే పండు పగులుతుంది. పగిలిన పండులోకి చీమలు, ఈగలు చేరి పులిసిపోతుంది. పాదులో వరిగడ్డో, వేరుశనగ పొట్టో, ఎండుటాకులో నాలుగంగుళాల మందాన కప్పితే తడి నిలుస్తుంది. నల్లరేగడిలో నెర్రెలు కూడా రావు.

మే నెల ఎండ ఈ ప్రాంతంలో ఎలా ఉంటుందో చెప్పేదేముంది! మొదటి రెండు వేసవుల్లో లేత మొక్కకు పడమటి వైపు గ్రీన్‌నెట్ కట్టండి. మొదలుకు సున్నం పూస్తే బెరడు మాడకుండా ఉంటుంది.

కత్తెర ఎప్పుడు పట్టాలి?

మహారాష్ట్ర రైతులు అంజూరలో రెండు కాపులు చెబుతారు. వానల్లో పండేది ఖట్టా బహార్, అంటే పుల్ల కాపు. ఎండ మొదలయ్యే వేళకు పండేది మీఠా బహార్, తీపి కాపు. పేర్లలోనే తేడా ఉంది. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు పండిన కాయ చప్పగా ఉంటుంది, పగులుతుంది, తొందరగా పులుస్తుంది. పొడిగాలిలో పండినదే తేనె.

అందుకే మనం కూడా తీపి కాపుకే గురిపెట్టాలి. అంజూర ఎక్కువగా కొత్త చిగురుమీద కాస్తుంది. కత్తిరిస్తే చిగురు, చిగురుతోపాటే పిందె. పిందె పడ్డాక పండు కావడానికి మూడు నాలుగు నెలలు. లెక్క వెనక్కి వేస్తే అక్టోబరులో కత్తిరించాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పండు కోసుకోవచ్చు. తుపాను కబురు ఉంటే రెండు వారాలు ఆగండి. కోసిన గాయాలమీద వాన పడితే తెగులు పడుతుంది.

మొదటి ఏడాది మొక్క రెండడుగులు పెరగ్గానే తల తుంచేయండి. పక్క కొమ్మలొస్తాయి. వాటిలో నాలుగు దిక్కులకు నాలుగు బలమైనవి ఉంచి మిగతావి తీసేయండి. ఏటా ఆ కొమ్మలను సగానికి తగ్గిస్తూ, లోపలికి పెరిగేవాటిని, ఎండినవాటిని తీస్తూ చెట్టును మనిషి ఎత్తులో ఉంచాలి. చెయ్యి అందని పండు కాకికే! పెద్ద కోతలమీద బోర్డో పేస్టు రాయండి.

కత్తెర పట్టేముందు నిండు చేతుల చొక్కా, గ్లౌజులు వేసుకోండి. అంజూర పాలు చర్మంమీద పడి దానిమీద ఎండ తగిలితే దద్దుర్లు, బొబ్బలు వస్తాయి. కొందరికి మచ్చలు నెలలపాటు ఉండిపోతాయి. సాయంత్రంపూట కత్తిరించడం, వెంటనే సబ్బుతో కడుక్కోవడం మంచిది. పిల్లల్ని ఆ దగ్గర్లో ఆడనివ్వకండి.

తుప్పు, తొలుచు పురుగు, చిలకలు

అంజూరకు ప్రధాన శత్రువు తుప్పు తెగులు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆకు అడుగున ఇటుకపొడి చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. తర్వాత ఆకులన్నీ రాలి చెట్టు మోడవుతుంది. భయపడి పీకేయొద్దు. రాలిన ఆకులు ఏరి కాల్చేయండి. ఈ ఒక్కపనితోనే సగం తెగులు పోతుంది. వానలకు ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టండి. లీటరు నీటికి పది గ్రాముల మైలుతుత్తం, పది గ్రాముల సున్నం. విడివిడిగా కరిగించి, సున్నపునీళ్లలో తుత్తం నీళ్లు పోయాలి. ప్లాస్టిక్ బకెట్లోనే కలపాలి. ఆరోజుది ఆరోజే వాడేయాలి.

మొదలు దగ్గర రంపపు పొట్టులాంటిది రాలుతుంటే కాండం తొలిచే పురుగు చేరినట్టు. కంతలోకి సైకిల్ చువ్వ పోనిచ్చి పురుగును లాగేసి బంకమట్టితో మూసేయండి. మందుకు పరుగెత్తాల్సిన పనిలేదు. మిరపలో వారానికో మందు కొట్టిన చెయ్యి ఇక్కడ కాస్త ఆగాలి. ఈ పండు తొక్కతోసహా తింటాం, తినేది ఇంట్లో మనవలు!

ఇక చిలకలు, గోరింకలు, గబ్బిలాలు. కాయ రంగు తిరిగే సంగతి మనకంటే ముందు వాటికి తెలిసిపోతుంది. పాత చీర ముక్కతో చిన్న సంచులు కుట్టి కాయలకు కట్టేస్తే చాలు. పైకొమ్మన నాలుగు కాయలు వదిలేస్తే వాటి వాటా వాటికీ ఉంటుంది.

చెట్టుమీదే పండాలి

మామిడి, అరటి కోసి మాగేసినట్టు అంజూరను మాగేయలేం. పచ్చిగా కోస్తే అలాగే ముడుచుకుపోతుంది. తీపి ఎక్కేది చెట్టుమీదే. కాయ మెడ వంగి కిందికి వేలాడాలి. ముట్టుకుంటే మెత్తగా ఉండాలి. తొక్కమీద సన్నని గీతలు, కింద కంత దగ్గర తేనెచుక్క కనిపిస్తే ఇక కోసేయొచ్చు. కోసింది మామూలుగా ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. బజారుకు వచ్చే పచ్చి అంజూరను ప్రయాణానికి తట్టుకునేలా కాస్త ముందే కోస్తారు. పెరటి పండుకు, బజారు పండుకు రుచిలో తేడా అందుకే.

వంద గ్రాముల తాజా పండులో 74 కేలరీలు, సుమారు 16 గ్రాముల చక్కెర, మూడు గ్రాముల పీచు, 35 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. ఎండుది వంద గ్రాములైతే 249 కేలరీలు, 48 గ్రాముల చక్కెర, దాదాపు పది గ్రాముల పీచు, 162 మిల్లీగ్రాముల కాల్షియం. మలబద్ధకం ఉన్న పెద్దవాళ్లకు ఇది మంచి నేస్తం. మధుమేహం ఉన్నవాళ్లు మాత్రం ‘ఆరోగ్యానికి మంచిదటగా’ అని ఎండుపళ్లు గుప్పెడేసి తినకూడదు. వైద్యుణ్ని అడిగి, లెక్కపెట్టి తినాలి.

పండ్లు ఎక్కువొస్తే ఎండబెట్టుకోవచ్చు. కల్లాల్లో మిరపకాయ ఎండబెట్టిన ప్రాంతానికి ఎండబెట్టడం ఒకరు నేర్పాలా! ఏప్రిల్ ఎండలో జల్లెడమీద పరిచి, పైన పలుచని గుడ్డ కప్పి, సాయంత్రం లోపలికి తెచ్చి, రోజూ తిప్పుతూ ఉంటే నాలుగైదు రోజుల్లో ఎండుతాయి. కిలో పండుకు మూడొందల గ్రాములు మిగులుతుంది. దుకాణంలోని ఆఫ్ఘనిస్థాన్ అంజీర్ అంత అందంగా ఉండకపోవచ్చు. కానీ ఏం కొట్టామో, ఏం కొట్టలేదో మనకు తెలుసు.

లక్షలు రావు

అంజూర వేస్తే ఎకరానికి లక్షలంటూ ఊరించే మాటలు వినిపిస్తుంటాయి. తోటగా వేయాలంటే నేల, నీరు, కోతకు కూలీలు, రెండు రోజుల్లో బజారుకు చేర్చే ఏర్పాటు అన్నీ చూసుకోవాలి. వాన ఒక వారం అటూఇటూ అయితే కాపంతా పులిసిపోతుంది. ఈ పేజీ చెబుతున్నది ఆ లెక్క కాదు. పెరటిచెట్టు రెండో ఏట పదో పాతికో కాయలిస్తుంది. నాలుగైదేళ్లకు రోజూ ఇంట్లో తలా ఒకటి తిని, ఇరుగుపొరుగుకు పంచేంత కాస్తుంది. పత్తిచేను లోటు ఒక్క చెట్టు తీర్చదు. అలా తీరుతుందని ఎవరైనా చెప్పినా నమ్మక్కర్లేదు.

కానీ అక్టోబరు వస్తుంటే కత్తెర పదును చూసుకోవడం, మబ్బు పడితే ఆకాశం వైపు చూడటం, చిగురుమీద తొలి పిందె ఎక్కడుందా అని వెతకడం... ఇవి సేద్యగాడికి తెలిసిన పనులు. ఎకరాలు లేకపోయినా ఆ పనుల పద్ధతి ఏటా మళ్లీ వస్తుంది. పొలం చూడని మనవడికి కత్తెర ఎక్కడ పట్టాలో, పాదు ఎలా చేయాలో చూపించడానికి చెట్టొకటి ఉంటుంది.

కత్తిరించిన కొమ్మలు మాత్రం పారేయొద్దు. ఒక చెట్టు నుంచి ఇరవై ముప్పై ముక్కలొస్తాయి. సంచుల్లో గుచ్చి పెడితే సంక్రాంతికి చిగురు వేస్తాయి. మందడం వియ్యంకుడికి ఒకటి, వెలగపూడి ఆడబిడ్డకు ఒకటి, కొత్త ప్లాటులో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు గృహప్రవేశానికి ఒకటి. గోడ గడియారం కంటే అదే బాగుంటుంది.

ఏ నెలలో ఏం చేయాలి?

అక్టోబరు: వానలు తగ్గాక కత్తిరింపు, గాయాలకు బోర్డో పేస్టు, గంపెడు ఎరువు, కిలో వేపపిండి. కొమ్మ ముక్కలు సంచుల్లో నాటడం.

నవంబరు, డిసెంబరు: చిగుర్లు, పిందెలు. పదిరోజులకోసారి నీరు. లోపలికి పెరిగే చిగుర్లు తుంచడం.

జనవరి: పాదులో గడ్డి కప్పడం. సంచులు కుట్టి సిద్ధం చేసుకోవడం.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్: కోత. నీళ్లు కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా.

మే: లేత మొక్కలకు నీడ, మొదళ్లకు సున్నం.

జూన్: తొలకరికి ఎరువు, నీరుపోయే కాలువల శుభ్రం, మొదటి బోర్డో పిచికారి. కొత్త మొక్కలు నాటడానికి ఇదే అదను.

జులై నుంచి సెప్టెంబరు: తుప్పు తెగులుమీద కన్ను. రాలిన ఆకులు ఏరి కాల్చడం. ఈ మధ్యలో వచ్చే పుల్ల కాపుమీద ఆశ పెట్టుకోకపోవడం!